మన పేరు మనమే కొట్టేసుకోవద్దు
(మెడిసిన్ దరఖాస్తు గురించి ఒక పాఠం)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగినప్పుడు జువాలజీ పాఠం ఒకటి రాసి ఇద్దామనుకున్నాను. ఈ హాస్టల్లో చదువుకుని జువాలజీ అధ్యాపకుణ్ణి అయినవాణ్ణి కాబట్టి ఆదివారాలు వచ్చి మీకు చెప్పేది కూడా అదే. కానీ మొన్నొక ఆదివారం మెస్సులో జరిగిన చిన్న సంభాషణ నా ఆలోచనను మార్చేసింది.

రివిజన్ క్లాసు అయిపోయాక అందరం భోజనానికి కూర్చున్నాం. నా పక్కన సెకండియర్ బైపీసీ తమ్ముడొకడు కూర్చున్నాడు. క్లాసులో ప్రశ్న అడిగితే ముందు చేయి ఎత్తేది అతనే.

"నీట్ ఫారం నింపినవా?" అని అడిగాను.

"లేదు సార్."

"ఎందుకురా?"

"ఫస్టియర్ల 440కి 268 వచ్చినయ్ సార్. నా మార్కులకు గాంధీల, ఎయిమ్స్‌ల సీటెవరిస్తరు? ఫారం నింపితే దోస్తులు నవ్వుతరు."

ఆ తర్వాత నాకు అన్నం సహించలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ మాటే 2003లో ఇదే మేడ్చల్‌లో నేను అన్నాను. కావున ఈ ఏడాది నా పాఠం కప్ప గురించీ కాదు, బొద్దింక గురించీ కాదు. మార్కులు మామూలుగా ఉన్న విద్యార్థి పెద్ద మెడికల్ కాలేజీలకు దరఖాస్తు చేయాలా వద్దా అన్నదే ఈసారి పాఠం.

మా గదిలో ముగ్గురం

అప్పుడు మా గదిలో బైపీసీ వాళ్లం ముగ్గురం ఉండేవాళ్లం. ముగ్గురి ఇళ్లలోనూ అంతకుముందు కాలేజీ గడప తొక్కినవారు లేరు. ఎంసెట్ రోజులవి. మాలో ఒకడు రెండు దరఖాస్తు ఫారాలు కొనుక్కొచ్చి, ఒకటి నా చేతిలో పెట్టి "నువ్వు కూడా రాయరా" అన్నాడు. నేను ఫారం తీసుకున్నాను గానీ నింపలేదు. "మనకెందుకురా, ఉస్మానియాలో సీటు కొట్టేవాళ్లు వేరే ఉంటారు" అని ట్రంకు పెట్టెలో అడుగున పరిచిన పాత పేపరు కింద పెట్టేశాను. గడువు దాటిపోయింది.

ఇంటర్ ఫలితాలు వచ్చాయి. నాకు వెయ్యికి 612, ఆ మిత్రునికి 570. ఎంసెట్‌లో అతనికి ఎంబీబీఎస్ సీటు వచ్చే ర్యాంకు రాలేదు. కానీ ర్యాంకంటూ ఒకటి వచ్చింది. ఆ ర్యాంకుతోనే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో సీటు తెచ్చుకున్నాడు. ఇప్పుడు ప్రభుత్వ పశువైద్యుడు. అతనికంటే నలభై రెండు మార్కులు ఎక్కువ వచ్చిన నాకు ఏ సీటూ రాలేదు. నా మార్కులు తక్కువై రాలేదని చెప్పుకోవడానికి కూడా లేదు. లిస్టులో నా పేరే లేదు. ఆ పేరు కొట్టేసింది ఏ అధికారీ కాదు, నేనే.

ఇక మూడోవాడు శామీర్‌పేట వైపు పల్లెటూరివాడు. అతను మాకు పూర్తిగా వ్యతిరేకం. మొదటిసారి ర్యాంకు దూరంగా వచ్చింది. లాంగ్ టర్మ్ కోచింగులో చేరాడు. రెండోసారీ రాలేదు. మూడోసారీ చేరాడు. ప్రతిసారీ "ఈసారి గ్యారంటీ" అని కోచింగు వాళ్లు చెప్పేవారు, వాళ్ల నాయన నమ్మేవాడు. ఫీజుల కోసం అర ఎకరం అమ్మారు. ఔటర్ రింగ్ రోడ్డు రాకముందు అమ్మిన భూమి అది. ఇవాళ ఆ దారిన పోతుంటే వెంచర్ల బోర్డులు కనిపిస్తాయి. అతను తర్వాత బీఎస్సీ చదివి, ఇప్పుడు తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో ఒక టీకాల కంపెనీలో క్వాలిటీ విభాగంలో మంచి ఉద్యోగమే చేస్తున్నాడు. కానీ పోయిన మూడేళ్లు, పోయిన అర ఎకరం తిరిగి రాలేదు.

నేను భయపడి దరఖాస్తు చేయలేదు. అతను కొలుచుకోకుండా పందెం కాశాడు. మా ఇద్దరిదీ తప్పే. మీలో ఎవరూ ఈ రెండు తప్పులూ చేయకూడదని ఈ వ్యాసం.

దరఖాస్తు చేయడం, కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకోవడం, ఏడాది ఆగి మళ్లీ రాయడం మూడూ వేర్వేరు నిర్ణయాలు. మనవాళ్లు మూడింటినీ కలిపేసి ఒకేసారి "నాకు కాదు" అనో, "నాకు కావాల్సిందే" అనో అనేస్తారు. వీటిని విడివిడిగా చూద్దాం.

1. ఇంటర్ మార్కులు వేరు, నీట్ ర్యాంకు వేరు

చాలామంది తికమక పడేది ఇక్కడే. ఇంటర్ మార్కులు కేవలం అర్హత కోసం. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి ఓసీ విద్యార్థులకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు 40 శాతం రావాలి. మన ఇంటర్ బైపీసీలో భాషలు పోగా సైన్సు సబ్జెక్టులకు రెండేళ్లూ, ప్రాక్టికల్స్‌తో సహా 600 మార్కులు. అందులో 40 శాతం అంటే 240. వయసు ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 నిండాలి. గేటు దాటడానికి ఇంతవరకే అవసరం.

గేటు దాటాక మీకు 610 వచ్చాయా 980 వచ్చాయా అని సీటు ఇచ్చేటప్పుడు చూడరు. చూసేది నీట్ ర్యాంకు ఒక్కటే. మెస్సులో నాతో మాట్లాడిన తమ్ముడికి ఫస్టియర్‌లో 268 అంటే 61 శాతం. సెకండియర్‌లో ఇలాగే రాస్తే అర్హత విషయంలో అతనికి ఏ ఇబ్బందీ ఉండదు. లేని అడ్డంకిని ఊహించుకుని ఆగిపోయాడు.

2. పెద్ద కాలేజీలకు వేరే దరఖాస్తు ఉందా?

ఇదివరకు ఉండేది. ఎయిమ్స్, జిప్మర్ 2019 వరకు సొంతంగా ప్రవేశ పరీక్షలు పెట్టుకునేవి. 2020 నుంచి అవి కూడా నీట్‌లోకే వచ్చాయి. మన రాష్ట్రంలో 2016 వరకు ఎంసెట్ ఉండేది. 2017 నుంచి రాష్ట్ర కాలేజీల సీట్లు కూడా నీట్‌తోనే. కాబట్టి ఢిల్లీ ఎయిమ్స్‌కైనా, మన బీబీనగర్ ఎయిమ్స్‌కైనా, ఉస్మానియాకైనా, గాంధీకైనా రాసే పరీక్ష ఒకటే, నింపే ఫారం ఒకటే. "ఎయిమ్స్‌కు దరఖాస్తు చేసే ధైర్యం నాకు లేదు" అనే మాటకు ఇప్పుడు అర్థమే లేదు.

ఇతర దేశాల్లో పరిస్థితి ఇలా ఉండదు. అమెరికాలో దరఖాస్తు చేసుకునే ఒక్కో మెడికల్ కాలేజీకీ ఫీజు కట్టాలి. ఇంగ్లండులో యూకాస్ అనే పద్ధతిలో మెడిసిన్‌కు నాలుగు కాలేజీలకు మించి పెట్టుకోలేరు. అక్కడ అందని కాలేజీకి ఒకటి పెడితే ఆ మేరకు ఒక అవకాశం తగ్గిపోతుంది. అందుకే అక్కడి పిల్లలు బాగా లెక్కలు వేసుకోవాలి. మనకు ఆ ఇబ్బంది లేదు.

3. క్వాలిఫై అయితే సీటు వచ్చినట్టేనా?

కాదు. ఈ మాట కాస్త కఠినంగానే చెప్పాలి. ఏటా మన ఊళ్లలో "మావాడు నీట్ పాసయ్యాడు" అని మిఠాయిలు పంచి, తర్వాత బాధపడేవాళ్లను చూస్తున్నాను. 2025లో దేశం మొత్తం మీద 22 లక్షల మందికి పైగా పరీక్ష రాస్తే 12 లక్షల 36 వేల మందికి పైగా క్వాలిఫై అయ్యారు. ఎంబీబీఎస్ సీట్లేమో లక్షా ఇరవై వేల చుట్టూ ఉన్నాయి. అంటే క్వాలిఫై అయిన పది మందిలో ఒక్కరికే సీటు. ఆ సీట్లలో కూడా ప్రభుత్వ కాలేజీలవి సగం చుట్టూ ఉంటాయి.

ఇంకో విషయం గమనించండి. 2024లో క్వాలిఫై కావడానికి జనరల్ విద్యార్థులకు 720కి 162 మార్కులు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 127 మార్కులు కావాల్సి వచ్చింది. 2025లో పేపరు కష్టంగా వచ్చి అవి 144, 113కు తగ్గాయి. 2024లో మొదటి ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో దేశంలో అందరికంటే ఎక్కువ వచ్చినవి 686. కనుక "పోయినేడు అన్నకు ఇన్ని మార్కులకు సీటొచ్చింది, నాకూ వస్తుంది" అని మార్కులతో పోల్చుకోవద్దు. ర్యాంకుతో పోల్చుకోండి. వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ ముగిశాక ఏ కాలేజీలో, ఏ కేటగిరీలో సీట్లు ఏ ర్యాంకు దాకా వెళ్లాయో చూసుకోవచ్చు. మీ కేటగిరీ వరుస మాత్రమే చూడండి. పక్కవాడి కేటగిరీ చూసి సంతోషపడినా, దిగులుపడినా ఉపయోగం లేదు.

నిరాశపడవద్దని ఇంకో లెక్క కూడా చెబుతాను. మేం చదివిన 2003లో తెలంగాణ ప్రాంతంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మూడే: ఉస్మానియా, గాంధీ, వరంగల్ కాకతీయ. 2014 నాటికి ఆదిలాబాద్, నిజామాబాద్‌తో కలిపి ఐదు. 2024లో కొత్తగా వచ్చిన ఎనిమిదింటితో ఆ సంఖ్య 34కు చేరింది. ఆ ఎనిమిదిలో ఒకటి మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే కుత్బుల్లాపూర్ పేరున వచ్చింది, 50 సీట్లతో మొదలైంది. ఉస్మానియా, గాంధీల్లో ఒక్కోదానిలో 250 సీట్లు. ఢిల్లీ ఎయిమ్స్‌లో జనరల్ సీట్లు మొదటి వంద ర్యాంకుల లోపే నిండిపోతాయి. అది ఆశించవద్దని నేననను. కానీ డాక్టరు కావడానికి అదొక్కటే దారి కాదు. ఏ కాలేజీలో చదివినా పట్టా మీద ఉండేది ఎంబీబీఎస్ అనే.

4. మీ స్థాయిని మీరే కొలుచుకోండి

జ్వరం ఉందో లేదో థర్మామీటరు పెట్టి చూస్తాం గానీ పక్కవాణ్ణి అడగం. ఇదీ అంతే. గత సంవత్సరాల నీట్ పేపర్లు ఐదు తీసుకోండి. ఆదివారానికి ఒకటి చొప్పున, మూడు గంటలు గడియారం పెట్టుకుని, మధ్యలో లేవకుండా రాయండి. 2025 పద్ధతి ప్రకారం 180 ప్రశ్నలు: ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. తెలుగు మీడియం తమ్ముళ్లు ఫారంలో తెలుగు ఎంచుకుంటే ప్రశ్నలు తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ ఉంటాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక విద్యార్థి బయాలజీలో 45 ఒప్పు, 20 తప్పు రాశాడు: 180 లోంచి 20 పోగా 160. కెమిస్ట్రీలో 18 ఒప్పు, 17 తప్పు: 72 లోంచి 17 పోగా 55. ఫిజిక్స్‌లో 12 ఒప్పు, 23 తప్పు: 48 లోంచి 23 పోగా 25. మొత్తం 240. ఇతను క్వాలిఫై అవుతాడు గానీ సీటుకు భరోసా లేదు.

ఇప్పుడు తప్పుల సంగతి చూడండి. బయాలజీలో తప్పు రాసిన 20 ప్రశ్నలూ ఒప్పుగా మారితే ఒక్కోదానికి 5 మార్కులు లాభం. పోయిన ఒక మార్కు తిరిగి వస్తుంది, నాలుగు కొత్తగా వస్తాయి. అంటే వంద మార్కులు. 240 కాస్తా 340 అవుతుంది. ఆ ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఎన్సీఈఆర్టీ పుస్తకంలోని వాక్యాల మీద, బొమ్మల మీద ఆధారపడి ఉంటాయి. మన గ్రంథాలయంలో ఆ పుస్తకాలున్నాయి. నీట్ పేపరులో సగం బయాలజీయే. మామూలు మార్కుల విద్యార్థికి దగ్గరి దారి అదే.

ఐదు పేపర్ల మార్కులు వరుసగా రాసుకోండి. మొదటి పేపరు మార్కు ముఖ్యం కాదు. ఆ వరుస పైకి పోతోందా, ఒకేచోట ఆగిందా అన్నది ముఖ్యం. 180, 195, 230, 250, 285 అని పోతున్నవాడి పరిస్థితి వేరు. 300, 290, 305, 298, 300 దగ్గర నిలిచినవాడి పరిస్థితి వేరు. మొదటివాడికి మార్కులు తక్కువే అయినా ఎదుగుతున్నాడు. రెండోవాడు చదివే పద్ధతి మార్చుకోవాలి.

5. ఫారం ఖర్చు, కౌన్సెలింగ్ ఖర్చు

2025లో నీట్ ఫీజు జనరల్‌కు 1700, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ వారికి 1600, ఎస్సీ, ఎస్టీలకు 1000 రూపాయలు. మన ఇళ్లలో వెయ్యి రూపాయలు చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. అయినా ఒక ఏడాది జీవితంతో పోలిస్తే చిన్నదే. ఫీజుకు ఇబ్బంది ఉంటే వార్డెన్ సార్‌కు ముందే చెప్పండి. పూర్వ విద్యార్థులం మేం ఉన్నాం. సిగ్గుపడి ఊరుకోకండి. అడగందే అమ్మయినా పెట్టదంటారు.

ర్యాంకు వచ్చాక రెండు చోట్ల విడివిడిగా నమోదు చేసుకోవాలి. మనవాళ్లలో చాలామంది ఒకచోటే చేసుకుని రెండోది వదిలేస్తున్నారు. రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీల్లో 85 శాతం సీట్లు, ప్రైవేటు కాలేజీల్లోని కన్వీనర్ సీట్లు కాళోజీ విశ్వవిద్యాలయం నింపుతుంది. ప్రభుత్వ కాలేజీల్లో మిగతా 15 శాతం ఆల్ ఇండియా కోటా సీట్లు, దేశంలోని అన్ని ఎయిమ్స్, జిప్మర్ సీట్లు ఢిల్లీలోని ఎంసీసీ నింపుతుంది. ఎంసీసీలో నమోదు కాకపోతే బీబీనగర్ ఎయిమ్స్ మన పక్కనే ఉన్నా మీ పేరు అక్కడికి చేరదు.

ఎంసీసీలో ఆల్ ఇండియా కోటాకు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు కట్టాల్సింది 500 రూపాయల ఫీజు, తిరిగి ఇచ్చే డిపాజిట్ 5000. అక్కడే "డీమ్డ్ యూనివర్సిటీ" అన్న గడి ఉంటుంది. పొరపాటున దాన్ని ఎంచుకుంటే ఫీజు 5000, డిపాజిట్ రెండు లక్షలు అడుగుతుంది. అది చూసి భయపడి మొత్తం వదిలేసిన పిల్లలున్నారు. మనకు ఆ గడితో పని లేదు.

6. వెబ్ ఆప్షన్లు – మెస్సు వరుస పాఠం

"ఉస్మానియా మొదట పెడితే కింద కాలేజీ కూడా పోతుందేమో సార్" అని ప్రతి ఏడాదీ అడుగుతారు. పోదు. మన మెస్సు వరుసను గుర్తు తెచ్చుకోండి. మీ వంతు వచ్చినప్పుడు "గుడ్డు ఉందా?" అని అడుగుతారు. ఉంటే పెడతారు. అయిపోతే "కూర ఉందా?" అంటారు. గుడ్డు అడిగినందుకు మిమ్మల్ని వరుస చివరికి పంపరు, పప్పు పెట్టకుండా వెళ్లగొట్టరు. కంప్యూటర్ కూడా ఇంతే చేస్తుంది. ర్యాంకుల వరుసలో మీ వంతు వచ్చినప్పుడు మీ ఆప్షన్లను పైనుంచి కిందికి చూస్తుంది. మీ కేటగిరీలో మొదట ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ సీటు ఇస్తుంది.

కనుక మూడు సూత్రాలు గుర్తుంచుకోండి:

ఒకటి: నిజంగా ఇష్టమైన క్రమంలోనే పెట్టండి. అందదేమోనని పెద్ద కాలేజీని వదలవద్దు.

రెండు: పైన రెండు పెట్టి ఆపేయవద్దు. ఉస్మానియా, గాంధీ మాత్రమే పెట్టి, ఆసిఫాబాద్‌లోనో, ములుగులోనో వచ్చే సీటు పోగొట్టుకున్నవాడి బాధ తీర్చలేనిది. చివరి కాలేజీ దాకా పెట్టండి.

మూడు: చేరలేని కాలేజీ పెట్టవద్దు. ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లు కన్వీనర్ కోటాలో ఉంటాయి. మన మేడ్చల్ దగ్గర ఘన్‌పూర్‌లోని మెడిసిటీ వంటి చోట్ల కూడా అంతే. అర్హులైన పేద విద్యార్థులకు కన్వీనర్ కోటాలో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. బీ కేటగిరీ యాజమాన్య కోటాకు అది వర్తించదు, ఫీజు ఏడాదికి పది లక్షలు దాటుతుంది. "ముందు చేరు, తర్వాత చూద్దాం" అనే మధ్యవర్తుల మాట నమ్మి ఇల్లు తాకట్టు పెట్టకండి. ఎంసీసీలో మొదటి రౌండు సీటు వద్దనుకుంటే నష్టం లేదు గానీ తర్వాతి రౌండ్లలో వదిలేస్తే డిపాజిట్ పోతుంది. నియమాలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి సమాచార పుస్తకం తప్పక చదవండి.

7. లాంగ్ టర్మ్ – ఆగాలా, సాగాలా?

దరఖాస్తుకు ధైర్యం చాలు. కానీ ఏడాది ఆగడానికి లెక్క కావాలి. నీట్‌కు ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు. గరిష్ఠ వయసు పరిమితిని కూడా 2022లో తీసేశారు. ప్రభుత్వం గీత గీయలేదు కాబట్టి ఆ గీత మనమే గీసుకోవాలి. గీసుకోకనే మా మూడో మిత్రుడు మూడేళ్లు పోగొట్టుకున్నాడు.

ఈ నాలుగు ప్రశ్నలకూ "అవును" అని జవాబు వస్తేనే ఆగండి:

మీ ర్యాంకు పోయినేటి చివరి ర్యాంకుకు దగ్గరగా ఉందా?
మీ పేపర్ల వరుస పైకి పోతోందా?
అప్పు లేకుండా చదువుకునే చోటు ఉందా? గౌలిదొడ్డి వంటి సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఉచిత శిక్షణకు అవకాశం ఉందేమో ముందు అడగండి.
ఒక్క ఏడాదే అని ఇంట్లో అందరి ముందు చెప్పగలరా?

ఒక్కదానికి "లేదు" అన్నా, వచ్చిన కోర్సులో చేరండి. మనసు బరువెక్కితే గదిలో ఒంటరిగా కూర్చోవద్దు. మిత్రులతో, వార్డెన్ సార్‌తో మాట్లాడండి. టెలి మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

8. ఆ ర్యాంకుతో ఇంకా ఏమున్నాయి?

నా పశువైద్య మిత్రుణ్ణి గుర్తుంచుకోండి. మన రాష్ట్రంలో బీడీఎస్, ఆయుర్వేద, హోమియో, యునాని కోర్సుల సీట్లు కూడా నీట్ ర్యాంకుతోనే. బీఫార్మసీ, అగ్రికల్చర్ బీఎస్సీ కోసం టీజీ ఈఏపీసెట్ ఫారం కూడా తప్పక నింపండి. ఇవేవీ ఓడిపోయినవాళ్ల చదువులు కావు. శామీర్‌పేట మండలంలో జీనోమ్ వ్యాలీ ఉంది. కరోనా కాలంలో కోవాక్సిన్ టీకా అక్కడి నుంచే వచ్చింది. ఆ గేట్ల ముందు నుంచి మనం రోజూ బస్సులో పోతుంటాం. అక్కడ పనిచేసేవారిలో బైపీసీ చదివి బీఎస్సీ, బీఫార్మసీ చేసినవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ ఏ తలుపు తట్టాలన్నా ముందు చేతిలో ర్యాంకు ఉండాలి.

9. ఇప్పుడే దాచుకోవలసిన కాగితాలు

తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు తీసి పెట్టుకోండి. స్థానికత తేలేది వాటితోనే. హాస్టళ్లు మారుతూ చదివిన మనకు ఇవే ఎక్కువగా దొరకవు. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, పదో తరగతి మెమోల్లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఎస్సీ వర్గీకరణ 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చి, 15 శాతం రిజర్వేషన్ మూడు గ్రూపులుగా (1, 9, 5 శాతం) విడింది. మీది ఏ గ్రూపో తెలుసుకుని ఉండండి. బీసీ తమ్ముళ్లు ఆల్ ఇండియా కోటా కోసం కేంద్ర జాబితా ప్రకారం ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం విడిగా తీసుకోవాలి. మీసేవ ముందు వరుసలో నిలబడాల్సింది ఫలితాల తర్వాత కాదు, ఇప్పుడే.

చివరి మాట

ఆ ఆదివారం అన్నం తిన్నాక ఆ తమ్ముణ్ణి వార్డెన్ సార్ గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఫారం నింపడానికి గంట పట్టింది. ఫోటో సైజు రెండుసార్లు కుదరలేదు. పంపే ముందు ఒక్క క్షణం ఆగి "సార్, సీటు రాకుంటే?" అన్నాడు.

"రాకపోతే రాలేదని లిస్టు చెబుతుంది. ఆ మాట నువ్వే ముందుగా చెప్పకు" అన్నాను.

నవ్వి బటన్ నొక్కాడు. ఆ మరుసటి ఆదివారం మొదటి పేపరు రాశాడు. 205 వచ్చాయి. నాలుగో పేపరుకు 262 దాకా వచ్చాడు. అతనికి సీటు వస్తుందని నేను చెప్పను, చెప్పలేను. కానీ ఇప్పుడు తన స్థాయి ఎంతో అతనికి తెలుసు, తన పేరు వరుసలో ఉంది. నేను మేడ్చల్ వదిలి వెళ్లేటప్పుడు ఈ రెండూ నాకు లేవు.

ఆ పాత ఎంసెట్ ఫారం చాలా ఏళ్లు ట్రంకు పెట్టెలోనే ఉంది. పెళ్లయ్యాక ఇల్లు మారుతున్నప్పుడు దొరికింది. పేరు రాయాల్సిన గడులన్నీ ఖాళీగా ఉన్నాయి. తమ్ముళ్లారా, మీ ట్రంకు పెట్టెల్లో అలాంటి కాగితం ఒక్కటి కూడా మిగలకూడదని కోరుకుంటున్నాను. 

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థి,
జువాలజీ అధ్యాపకుడు